శౌరివారి కుడిచేయి

పునీత ఫ్రాన్సిస్ జేవియరును తెలుఁగు కతోలికులు శౌరి యందురు. శౌరయ్య, శౌరమ్మ యను పేళ్లు తద్భక్తిచే వెలసినవే. ఈతఁడు 1552 డిసెంబరు 3న చీనాతీరమందలి సాంచియాను ద్వీపమున మృతినొందెను. సున్నముతోఁ బాతిపెట్టఁబడినను కళేబరము చెడలేదని కని, దానిని 1553లో మలక్కాకును, 1554లో గోవాకును గొనిపోయిరి.

1614లో యేసుసభాధిపతి అక్వావీవా యాజ్ఞచేఁ గుడి ముంజేతిని ఖండించి రోమునకుఁ బంపిరి. జేసూ దేవాలయమున భక్తులు నేఁటికిని దానిని దర్శించుచున్నారు. బహుజనులకు జ్ఞానస్నానమిచ్చిన హస్తమగుటయే యా గౌరవమునకు హేతువు. జేవియరు పునీతుఁడని పోపు ప్రకటించినది 1622లో. భక్తి యధికారముద్రకై వేచియుండలేదు. పునీతుల దేహములు పవిత్రాత్మకు నాలయములు గావున వందనీయములని ట్రెంటు మహాసభ 1563లో నిర్ణయించెను; దీనిని కేవలాస్థిపూజ యనుట సాహసము.

పైచేతి యెముక కథ యింతకంటె శోచనీయము. అది జపానునకై యుద్దేశింపఁబడినది. 1549లో నా దేశమునకు మొదట సువార్తఁ గొనిపోయినవాఁడు శౌరియే. కాని 1614లో నచటఁ గ్రైస్తవము నిషిద్ధమగుటచే నా యెముక మకావులోనే నిలిచిపోయెను. ఇప్పుడది పునీత జోజప్ప గురువిద్యాలయపు దేవాలయమున నున్నది. అదే నగరమందలి సెయింటు పాలు దేవాలయము 1835లో దగ్ధమయ్యెను. ఱాతి ముఖభాగము మాత్రము నిలిచియున్నది. దానిని జెక్కినవారిలో స్వదేశమునుండి వెడలఁగొట్టఁబడిన జపాను క్రైస్తవులు నుండిరి.