భూమి ముచ్చట్లు: లావుణి పట్టాకు ధర కట్టిందెవరు?



2022 ఎండాకాలం గుర్తుందా? వరంగల్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ చేస్తామని కుడా నోటిఫికేషన్ ఇచ్చింది. రైతులు రోడ్డెక్కారు, సర్కారు వెనక్కి తగ్గింది. పెద్ద గెలుపే. కానీ ఆ పోరాటంలో ఎక్కువగా వినపడ్డ మాట 'మా పట్టా భూమి'. మరి లావుణి పట్టా వాళ్ల సంగతి?

ప్రజా ప్రయోజనం పేరిట భూమి తీసుకునే చట్టం 1894లో తెల్లదొరలు చేసింది. దాని కింద సొంతదారుకు పరిహారం వచ్చేది. మాదిగ, మాల కుటుంబాలకు సర్కారు ఇచ్చిన భూమికి మాత్రం వేరే లెక్క. తెలంగాణలో 1958 నాటి జీవో 1406తో 'అమ్మరాదు' అనే షరతు వచ్చింది, 1977లో అది చట్టమైంది. మన భూమి దొరల పాలు కాకుండా కాపాడే షరతే అది, కాదనను. దాని పక్కనే ఇంకో షరతు ఉంది: సర్కారుకు అవసరమైతే వెనక్కి తీసుకుంటుంది. బండలు ఏరి, బాయి తవ్వి, ముళ్లతుప్పలు కొట్టి సాగులోకి తెచ్చింది మనం. తీసుకునే రోజు మాత్రం అది 'సర్కారీ జాగ'!

1993లో జీవో 1307 వచ్చింది. మార్కెట్ ధర ఇస్తామంది, కానీ 'ఎక్స్‌గ్రేషియా' అని పేరు పెట్టింది. అంటే హక్కు కాదు, దయ. పక్క గెట్టు పట్టాదారుకు దక్కే 30 శాతం సొలేషియం మనకు లేదు. చేవెళ్ల ఆర్డీవో కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఈ తేడా చెల్లదని చెప్పింది. అసైన్డు రైతుకూ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలంది. ఈ తీర్పు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకైతే అర్థం కాదు.

2013 చట్టం ఇంకో అడుగు వేసింది. అసైన్డుదారును భూయజమానిగా గుర్తించింది. గుంట భూమి లేకున్నా, మూడేండ్లుగా ఆ చేన్ల మీదే బతికే కూలీని, కౌలుదారును బాధిత కుటుంబమంది. తెలంగాణ సర్కారు 2015లో జీవో 123 తెచ్చి నేరుగా కొనుగోలుకు దిగింది. భూమి అమ్మేవాడితోనే బేరం, కూలీ ఊసే లేదు. దాని మీద కోర్టుకెక్కింది ఉమ్మడి మెదక్ జిల్లా కూలీలు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. 2017లో సర్కారు ఏకంగా చట్టానికే సవరణ తెచ్చుకుంది.

ఇప్పుడు మన మామునూరు. విమానాశ్రయానికి 253 ఎకరాలు తీసుకోవడానికి 2024 నవంబర్‌లో 205 కోట్లు మంజూరయ్యాయి. ఎకరానికి ఎంతనే బేరం రోజూ పేపర్లలో చదివాం. ఆ చెలకల్లో కలుపు తీసినవాళ్ల జాబితా మీలో ఎవరైనా చూశారా? చూస్తే కామెంట్లో పెట్టండి.