ఆప్తుని గుర్తించు విద్య

అచ్చుపడినదెల్ల సత్యమని నమ్ముట మన బడులు నేర్పిన మొదటి పాఠము. ‘ఈ మాటలు ఎవరు ఎవరితో ననిరి?’ అని పరీక్షలో నడుగుదుము. అనినవానిని నమ్మవచ్చునా యని యడుగము. ఈ యలవాటుతోనే మన పిల్లలు అంతర్జాలమున బ్రవేశించుచున్నారు. అచ్చట నెవడైనను వ్రాయవచ్చును.

వ్రాతను శంకించు విద్య చరిత్రకారులది. రోము చక్రవర్తి కాన్‌స్టంటైను పశ్చిమదేశములపై నధికారమును పోపునకు ధారపోసెనను దానపత్రమొకటి యూరపులో శతాబ్దులపాటు చెల్లెను. 1440లో లోరెంజో వల్లా యను పండితుడు అందలి లాటిను నాల్గవ శతాబ్దిది కాదని చూపెను. ‘సత్రపు’లను పారశీకపు పదవి రోమునకెట్లు వచ్చెనని యడిగెను. (మన చరిత్రలోని క్షత్రపుల పేరే యిది.) మన శాసనపరిశోధకులును లిపిని, తిథివారములను పరీక్షించియే కూటశాసనముల నేరివైచిరి.

అంతర్జాలమున నీ సూక్ష్మపఠన మొక్కటియే చాలదు. 1999లో అమెరికాలో మార్టిన్ లూథర్ కింగు పేరనే యొక వెబ్‌సైటు వెలసెను. చిరునామా చివర లాభాపేక్షలేని సంస్థలు వాడు ‘ఆర్గ్’ అను తోక. లోపల విద్యార్థుల కాహ్వానము, ప్రశ్నల పోటీ. దానిని నడపినది నల్లజాతివారిని ద్వేషించు స్టార్మ్‌ఫ్రంటు సంఘము. ఆ సంఘస్థాపకుడు డాన్ బ్లాకు పూర్వము కూక్లక్స్‌క్లాను నాయకుడు. కింగును గూర్చి వ్యాసము వ్రాయ గూర్చున్న నల్లజాతి బాలిక తన జాతినాయకునిపై వేసిన నిందలనే పాఠముగ నెత్తి వ్రాసికొనవలసినదేనా? సంఘము పేరు పుట యడుగున నుండెను. అంతవరకు జూచువారెందఱు?

స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు జెందిన సామ్ వైన్‌బర్గు, సారా మెక్‌గ్రూలు 2017లో నొక పరిశోధనను వెల్లడించిరి. పదిమంది చరిత్రకారులు, ఇరువదియైదుగురు విద్యార్థులు, పదిమంది నిజనిర్ధారకులు పరీక్షకు గూర్చుండిరి. రెండు శిశువైద్యసంఘములలో నేది విశ్వసనీయమన్నది యొక ప్రశ్న. ఒకటి 1930లో స్థాపితమై, అఱువదివేలకు మించిన సభ్యులు గలది. రెండవది 2002లో విభేదించి చీలిన కొన్ని వందలమంది కూటమి. విద్యార్థులలో సగమునకు మించి రెండవదానినే మెచ్చిరి. చరిత్రకారులలోను గొందఱు తడబడిరి. పుటలోని పేరును, ముద్రను, శాస్త్రీయముగ దోచు భాషను జూచి మోసపోయిరి. శ్రద్ధయే వారికి వల యయ్యెను! నిజనిర్ధారకులు మాత్రము పుటను సాంతముగ జదువక వెంటనే విడిచి, ఆ సంఘమును గూర్చి యితరులేమనిరో వేఱు పుటలలో వెదకిరి.

ఇది మనకు క్రొత్త యుపాయమా? వరుని గుణములను వరుని నోటనే విని పిల్లనిచ్చు తండ్రి గలడా? పొరుగూర విచారింపడా? పెండ్లికి జూపు వివేకమును చదువునకు జూపకుండుటయే వింత.

ఈ విద్యకు బహుకాలము పట్టదు. అమెరికాలోని ఉన్నతపాఠశాలలలో నాఱు పాఠములు చెప్పినంతనే విద్యార్థుల వివేచన మెఱుగుపడెనని 2022లో నొక పరిశోధన ప్రకటితమయ్యెను. మన దేశమున కేరళలోని కన్నూరు జిల్లాలో 2018లో ప్రభుత్వపాఠశాలల పిల్లలకు, వాట్సాపులో వచ్చిన వార్తను ఇతరులకు బంపకమునుపు దాని మూలమును వెదకుట నేర్పిరి. పిల్లలకు వదంతులు తెచ్చువారు బయటివారే కానక్కఱలేదు; ఇంటి పెద్దలును, బంధువులును కావచ్చును.