ఎండను వెదకిన విమానములు

స్టాక్‌హోమ్ నగరమున డిసెంబరు పగలు దాదాపు 6 గంటలే. 1957 డిసెంబరులో స్వీడన్ దేశపు ట్రాన్సేర్ విమానము యాత్రికులను అట్లాంటిక్ సముద్రమునందలి గ్రాన్ కెనేరియా ద్వీపమునకు కొనిపోయెను. ఆ ద్వీపమునే ఏల ఎన్నుకొనిరి? పటమును చూచినచో మనకు తెలియగలదు. అది 28వ ఉత్తర అక్షాంశము చెంత, ఆఫ్రికా తీరమునకు చేరువగా నున్నది. ఈశాన్య వ్యాపార పవనములు దాదాపు 1,950 మీటర్ల ఎత్తు గల పర్వతములను తాకుటచే మేఘములు ఉత్తరపు వాలుననే నిలిచిపోవును. దక్షిణ తీరమున వాన అరుదు, ఎండ మెండు. 1960 దశాబ్దమున అచ్చటి మాస్పలోమాస్‌లో విహారపట్టణము వెలయసాగెను. రైతును బాధించిన అనావృష్టియే అతిథిని ఆకర్షించెను. కాని అతిథికిని త్రాగునీరు వలయును గదా! అందులకై ద్వీపవాసులు సముద్రజలమును మంచినీరుగా మార్చుకొనవలసివచ్చెను. ఎండను కోరి పోవు మనము ఆ నీటి వెలను మరువరాదు.