కాంగ్రా లోయ నేర్పిన పాఠం: ఉప్పు, అయోడిన్, థైరాయిడ్

తిన్న ఆహారమే మనకు శక్తినిస్తుందని అందరికీ తెలుసు. అయితే ఆ ఆహారం శరీరంలో ఎంత వేగంగా ఖర్చు కావాలో నిర్దేశించేవి హార్మోన్లు. వాటిలో ముఖ్యమైనది థైరాక్సిన్. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, దీనిని స్రవిస్తుంది. ఒక్కొక్క థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. పెద్దలకు రోజుకు కావలసిన అయోడిన్ సుమారు 150 మైక్రోగ్రాములు మాత్రమే. జీవితకాలమంతటికీ లెక్కవేసినా అది ఒక చెంచా నిండదు.

ఆ కొద్దిపాటి అయోడిన్ అందకపోతే ఏమవుతుంది? రక్తంలో థైరాక్సిన్ తగ్గుతుంది. అప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి, థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్‌ను అధికంగా విడుదల చేస్తుంది. ఆ ఒత్తిడికి థైరాయిడ్ పెరిగి మెడ ఉబ్బుతుంది. ఇదే గలగండం లేదా గాయిటర్. లోపం ఎక్కువైతే నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మందకొడితనం కనిపిస్తాయి. గర్భిణిలో ఈ లోపం తీవ్రంగా ఉంటే శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఆ నష్టాన్ని తర్వాత పూర్తిగా పూడ్చలేము.

ఇక చరిత్రలోకి వెళదాం. 1811లో ఫ్రాన్స్‌లో కూర్త్వా సముద్రపు నాచు బూడిద నుండి అయోడిన్‌ను కనుగొన్నాడు. 1820లో జెనీవా వైద్యుడు క్వాండే గలగండానికి దానిని మందుగా వాడాడు. 1914లో అమెరికా శాస్త్రవేత్త కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు. 1920లలో స్విట్జర్లాండ్, అమెరికాలలో అయోడిన్ కలిపిన ఉప్పు వాడుకలోకి వచ్చింది.

మన దేశంలో హిమాలయ పాదప్రాంతాలలో గలగండం ఎక్కువ. మంచు, వానలు, వరదలు నేలలోని అయోడిన్‌ను కడిగివేయడంతో అక్కడి పంటలలోనూ అది తక్కువే. ఈ సమస్యను చేపట్టిన శాస్త్రవేత్త మన తెలుగువాడే. శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1969 నుండి 1979 వరకు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు.

1956లో ఆయన, సహచరులు కాంగ్రా లోయలో (నేటి హిమాచల్ ప్రదేశ్) లక్షకు పైగా జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించారు. ఒక మండలానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరొక మండలానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు సరఫరా చేశారు. మూడవదానికి మామూలు ఉప్పే. 1962 నాటికి మొదటి రెండింటిలో బడిపిల్లల గలగండం సుమారు సగానికి తగ్గింది. మూడవదానిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆ తర్వాత అక్కడా అయోడిన్ ఉప్పు ఇవ్వగా, వ్యాధి అక్కడా తగ్గింది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. మూడవ మండలం పిల్లలు ఆరేళ్ళు వేచి ఉండవలసి వచ్చింది. ఆ పోలిక లేకపోతే ఫలితం ఉప్పు వల్లనే వచ్చిందని రుజువయ్యేది కాదు. కానీ ఆ రుజువు మూల్యం ఎవరు చెల్లించారు? దీనిని తరగతిలో చర్చించండి.

1962లోనే జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. తేమకు, నిల్వకు తట్టుకునే అయోడేట్‌నే మన ఉప్పులో వాడుతున్నారు. అయోడిన్ లేని ఉప్పును ఆహారానికి అమ్మరాదన్న కేంద్ర నిషేధాన్ని 2000లో ఎత్తివేసి, 2006లో తిరిగి అమలులోకి తెచ్చారు. నేల మారలేదు గనుక ఉప్పు సరఫరా ఆగితే లోపం మళ్ళీ తలెత్తుతుంది. ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు.

ఉప్పును మూత ఉన్న డబ్బాలో, తేమ తగలకుండా ఉంచండి. అయోడిన్ కోసమని ఉప్పు ఎక్కువ తినకండి, రక్తపోటు పెరుగుతుంది. నీరసం ప్రతిసారీ థైరాయిడ్ వల్లనే రాదు. రక్తహీనత, నిద్రలేమి కూడా కారణం కావచ్చు. వైద్యుని సలహాతో రక్తపరీక్ష చేయించుకుంటేనే అసలు కారణం తెలుస్తుంది.