పుదుచ్చేరి వడవం: ఏడాదికి సరిపడా తాళింపు

పెరటి ఆకును నిలవ పెట్టడానికి ఒక్కో సీమ ఒక్కో దారి పట్టింది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాంలో, తక్కిన తెలుగు ఇళ్లలో లాగానే, గోంగూర పచ్చడి ఉప్పూ నూనెల అండతో జాడీలో నిలుస్తుంది. ఆకులోనే పులుపుంది గనక పని సులువు. చింతచిగురును ఎండబెట్టి డబ్బాకెత్తితే నెలల తరబడి పప్పులోకి వస్తుంది. కరివేపాకు అలా లొంగదు. ఎండితే రంగు నిలవచ్చుగానీ, ఆకులోని తైలం గాలికి పోయి వాసన సగం చస్తుంది. యానాం పాలనాపరంగా ఏ పట్నం కిందికి వస్తుందో ఆ పుదుచ్చేరి వంటిళ్లు ఈ చిక్కును చక్కగా విప్పాయి. ఆకును ఒంటరిగా కాక, ఉల్లి, వెల్లుల్లి, దినుసులతో కలిపి తాళింపునంతా ఎండబెట్టాయి. దాన్నే వడవం అంటారు. తమిళ నేలంతటా వడగంగా తెలిసినదే. చిత్తూరు వైపు ఉల్లి వడియాలు దీనికి దగ్గరి చుట్టాలు.

భరణి, కృత్తిక కార్తెల ఎండల్లో పని మొదలవుతుంది. సాంబారు ఉల్లిపాయలు, వెల్లుల్లి రోట్లో కచ్చాపచ్చాగా దంచుతారు. మెత్తగా రుబ్బితే నీరు ఊరి చెడుతుంది. అందులో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, పసుపు, ఉప్పు, గుప్పెళ్లకొద్దీ కరివేపాకు కలిపి ఒక రాత్రి ఉంచితే కాస్త పులుస్తుంది. మర్నాడు ఉండలు కట్టి మేడమీద పరుస్తారు. సాయంత్రం వాటిని చిదిపి, అడుగున ఊరిన రసంతో మళ్లీ పిసికి, కొత్తగా ఉండలు చేస్తారు. లోపలి తడి పైకొచ్చి, పైన ఆరినది లోపలికి పోయేలా ఇది రోజూ జరగాలి. చివర్లో చేతికి ఆముదం రాసుకుని ఒత్తుతారు. ఆ జిడ్డు పొర పురుగును రానివ్వదు, వాసనను పోనివ్వదు. వారం పది రోజులకు ఉండ నల్లబడి గట్టిపడుతుంది. అలా కుండలోకెక్కితే, పుదుచ్చేరిని తడిపేసే అక్టోబరు–డిసెంబరు వానల్లోనూ చెక్కుచెదరదు. కావలసినప్పుడు గోలీకాయంత చిదిపి వేడి నూనెలో వేస్తే చేపల పులుసుకు తాళింపు సిద్ధం.

సాధారణంగా ఇందులో మిరప పడదు. పోర్చుగీసు ఓడలతో మిరప ఈ దేశానికి రాకముందు నుంచీ ఉన్న దినుసులే అన్నీ. అందుకే దీని పునాది చాలా పాతదని నా నమ్మకం. ఈ తీరానికి నిలవ రుచులు కొత్త కావు. పట్నానికి దక్షిణాన ఉన్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపాడు. రోమన్ల ద్రాక్షసారా, ఆలివ్ నూనె, ఊరవేసిన చేపల రసం మోసుకొచ్చిన మట్టి కూజాల ముక్కలు అక్కడ దొరికాయి.

1674లో ఫ్రాంస్వా మార్తాఁ ఫ్రెంచివారి స్థావరం నెలకొల్పాక పట్నం చేతులు మారుతూ వచ్చింది. 1693లో డచ్చివారు పట్టారు, 1761లో ఇంగ్లీషువారు నేలమట్టం చేశారు. ఏలికలు మారినా చేపల పులుసుకు తాళింపు మారలేదు. ఫ్రెంచి వంటలోకి పాకిన వడవం మాత్రం రూపు మార్చుకుంది. ఉండ పోయి పొడిపొడి మసాలా అయింది. వదువాఁ అనే పేరుతో, వేయించి పొయ్యిలో ఆరబెట్టిన ఉల్లితో, చాలాసార్లు ఆముదం లేకుండా తయారైంది. బ్రిటనీ తీరంలోని కాంకాల్‌లో సుగంధ ద్రవ్యాలకు పేరుపొందిన వంటగాడు ఒలివియే రోలాంజే సంస్థ దాన్ని అమ్ముతుంది. కాంకాల్‌కు పొరుగు రేవు సాఁ మాలో. 1746లో మద్రాసును పట్టుకున్న లా బూర్దొన్నే అక్కడివాడే. ఈ శతాబ్దంలో అమెరికా హోటళ్లలోనూ వదువాఁ మోజు పుట్టింది.

ఆ పొడి రుచిగానే ఉంటుంది. అయినా దాన్ని వడవంతో సమానంగా చూడలేను. ఒక రాత్రి పులుపు, రోజూ పిసకడం, ఆముదపు ఘాటు కలిస్తేనే ఆ రుచి. సీసాలోని పొడికి పేరు దక్కింది, మేడమీద ఎండలో కూర్చుని చేసిన ఆడవాళ్ల నైపుణ్యానికి ఆ గుర్తింపులో వాటా దక్కలేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఫ్రిజ్ వచ్చాక కరివేపాకును కడిగి, తడి ఆర్చి, మూత బిగించిన డబ్బాలో దాచుకోవడం అందరికీ అలవాటైంది. డీప్ ఫ్రీజర్లో ఆకు నల్లబడినా వాసన చాలావరకు నిలుస్తుంది. మంచి పద్ధతే. కానీ కరెంటు అక్కర్లేకుండా ఏడాది నిలిచే పద్ధతి ఉన్నచోట దాన్ని వదులుకోవలసిన పనిలేదు. మేడ లేని ఫ్లాట్లలో బాల్కనీ ఎండకు వడవం పెట్టుకునేవారు ఉండలను ఉసిరికాయకన్నా చిన్నవిగా చేసుకోవాలి. పెద్ద ఉండలకు అక్కడి ఎండ చాలక లోపల బూజు పడుతుంది.