చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం: ఇల్లిల్లూ నేర్చుకున్న మందు కథ

అక్కచెల్లెళ్ళారా, బిడ్డకు నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే "నీళ్ళు తాగించకు, ఇంకా ఎక్కువవుతాయి" అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనడం వినే ఉంటాం. ప్రేమతో అన్న మాటే. కానీ ఆ మాట వల్ల ఎందరో పసిబిడ్డలు ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోయారు. ఆ మాటను ఎవరు, ఎలా మార్చారో తెలుసుకుందాం.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షల మంది పశ్చిమ బెంగాల్‌కు శరణార్థులుగా వచ్చారు. సరిహద్దులోని బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. ఆసుపత్రిలో మంచాలు చాలలేదు, నేల మీదే రోగులు. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. అప్పుడు పిల్లల డాక్టరు దిలీప్ మహలనబిస్ ఒక తెగువ చేశారు. ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కొలత ప్రకారం కలిపి పొట్లాలు కట్టించారు. ఆ పొడిని నీళ్ళ డ్రమ్ముల్లో కలిపి, గ్లాసులతో పట్టించమని రోగుల ఇంటివాళ్ళకే అప్పజెప్పారు. అంతవరకు నూటికి 30 మంది దాకా చనిపోతుంటే, ఈ నీళ్ళు తాగినవారిలో అది నూటికి 4 కన్నా తక్కువకు దిగింది. నర్సు పని చేసింది తల్లులూ అక్కలూ అన్నమాట!

ఉప్పు ఒక్కటే ఇస్తే విరేచనాలప్పుడు పేగు సరిగా పీల్చుకోదు. గ్లూకోజు తోడుంటే ఉప్పును లోపలికి లాక్కెళ్తుంది, దాని వెంట నీళ్ళూ వెళ్తాయి. కిటుకంతా అదే.

తర్వాతి అడుగు బంగ్లాదేశ్ ఆడవాళ్ళది. 1980 నుంచి బ్రాక్ సంస్థ పల్లెటూరి మహిళలకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపింది. మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర లీటరు నీళ్ళు. తల్లి చేతే కలిపించేవారు. కొన్నాళ్ళకు వేరేవాళ్ళు వెళ్ళి ఆ తల్లికి ఎంత గుర్తుందో అడిగేవారు. గుర్తున్నదాన్ని బట్టే నేర్పినామెకు జీతం. తల్లులు కలిపిన నీళ్ళను ల్యాబులో కూడా పరీక్షించారు, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం.

అయినా మొదట్లో చాలామంది నేర్చుకున్నారే గానీ వాడలేదు. కారణం వెతికితే, నేర్పేవాళ్ళకే పూర్తి నమ్మకం లేదని తేలింది! అది సరిదిద్దుకున్నారు. మగవాళ్ళతోనూ మాట్లాడారు. పదేళ్ళలో 1 కోటి 20 లక్షలకు పైగా ఇళ్ళకు వెళ్ళారు.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఉప్పు, గ్లూకోజు తగ్గించిన కొత్త పొడిని సిఫారసు చేశాయి. 2004లో దానికి జింకు మాత్రను జతచేశాయి. ఈమధ్య తీపి పానీయాలు కూడా ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

ఈ చరిత్ర నుంచి మనం ఇంటికి తీసుకెళ్ళాల్సినవి ఇవి:

పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాసి ఉందో చదవాలి. పెద్ద పొట్లానికి లీటరు మంచినీళ్ళు. సగం పొట్లం, అందాజు నీళ్ళు వద్దు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి.

రెండేళ్ళ లోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ పావు నుంచి అర కప్పు, చెంచాతో కొంచెం కొంచెంగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇవ్వాలి. తల్లిపాలు మానొద్దు.

జింకు మాత్ర 14 రోజులూ వేయాలి, విరేచనాలు ఆగినా సరే. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు అందులో సగం.

బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా, విరేచనంలో నెత్తురు పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దారిలోనూ పట్టిస్తూనే ఉండాలి.

అప్పు లెక్క ఒక్క రూపాయి తప్పినా మనం ఊరుకోం. బిడ్డ మందు కొలతకూ అదే పట్టుదల చూపిద్దాం. వచ్చే సంఘం మీటింగులో ఒక పొట్లం తెచ్చి, అందరూ చూస్తుండగా కలిపి చూపించండి. తర్వాతి మీటింగులో ఎవరికి ఎంత గుర్తుందో అడగండి.