పారిస్ వెళ్లొచ్చినాయన ఏం తెచ్చాడు?

ఎగ్జిబిషన్ స్టాండ్లు కట్టే కంపెనీలో కార్పెంటర్‌గా చేస్తున్న ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా డిజైనర్లు ఏటా ఎక్కడో ఎగ్జిబిషన్ చూడటానికి విమానం ఎక్కుతారు. అక్కడ వాళ్లకు దొరికేదేంటి?" అని. దీనికి జవాబు 1849లో ఉంది.

ఆ ఏడాది పారిస్‌లో పెద్ద పరిశ్రమల ప్రదర్శన జరిగింది. లండన్ నుంచి హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి, మాథ్యూ డిగ్బీ వయట్ అనే ఆర్కిటెక్ట్ చూడటానికి వెళ్లారు. వయట్ రిపోర్టు రాశాడు. కోల్ మాత్రం అక్కడ ఉన్నదాని కంటే లేనిదాన్ని పట్టుకున్నాడు. బయటి దేశాలవాళ్లు సరుకు పెట్టుకోవడానికి అక్కడ చోటు లేదు. వెనక్కి వచ్చి, విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్‌తో మాట్లాడాడు. అన్ని దేశాలనూ పిలుద్దామనుకున్నారు. అలా 1851 మే 1న లండన్ హైడ్ పార్క్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ మొదలైంది.

దాని బిల్డింగ్ కథ మన పనికి దగ్గర. పోటీకి 200కు పైగా డిజైన్లు వచ్చినా కమిటీ ఒక్కటీ ఒప్పుకోలేదు. చివరికి తోటపని నుంచి పైకొచ్చిన జోసెఫ్ పాక్స్‌టన్ గీసిన గాజు భవనం ఖాయమైంది. మొక్కల కోసం గాజు ఇళ్లు కట్టిన అనుభవం ఆయనది. ఒకే కొలతల ఇనుప స్తంభాలు, దూలాలు ఫ్యాక్టరీ నుంచి తయారై వస్తే సైట్‌లో బిగించుకుంటూ పోయారు. పొడవు దాదాపు 1,850 అడుగులు, గాజు పలకలు సుమారు 3 లక్షలు. ఏడాది కూడా పట్టలేదు. కప్పుకు గాజు బిగించేవాళ్లు చక్రాల బండ్లలో కూర్చుని పనిచేశారు. గ్యాలరీ ఎంత బరువు మోస్తుందో చూడటానికి పనివాళ్లను దానిమీద గెంతించారు! ఇప్పుడైతే సేఫ్టీ ఆఫీసర్ ఊరుకుంటాడా?

మన కోహినూర్‌ను కూడా అక్కడ పెట్టారు. పంజరంలో ఉన్న వజ్రం మెరవట్లేదని జనం పెదవి విరిచారు. అప్పుడు చుట్టూ చీకటి చేసి గ్యాస్ దీపాలు పెట్టారు. వస్తువు ఎంత గొప్పదైనా వెలుతురు సరిగ్గా పడాలి. ఇది డ్రాయింగ్‌లో తెలిసేది కాదు, జనం మధ్య నిలబడితేనే తెలుస్తుంది.

చూసి రావడంలో కూడా తేడా ఉంది. న్యూయార్క్‌వాళ్లు 1853లో అలాంటి గాజు భవనమే కట్టారు. వానకు కప్పు కారింది, 1858లో కాలిపోయింది. అయితే 1854లో అదే హాల్లో ఎలీషా ఓటిస్ ఎత్తున వేలాడే పలక మీద నిలబడి, జనం చూస్తుండగా తాడు కోయించాడు. బ్రేక్ పట్టుకుంది, పలక పడలేదు. రోజూ సైట్‌లో లిఫ్ట్ ఎక్కే మనకు ఆ రోజు విలువ తెలుసు. ఆకారం చూసి వెళ్లినవాడికి ఒక ఫోటో మిగులుతుంది. ఎలా పనిచేస్తుందో చూసినవాడికి విద్య దొరుకుతుంది.

లండన్‌లో మొదట టికెట్లు చాలా ఖరీదు. కొన్ని వారాలకు వారంలో నాలుగు రోజులు ఒక్క షిల్లింగ్‌కే లోపలికి రానిచ్చారు. కూలీలు, కార్మికులు రైళ్లెక్కి తండోపతండాలుగా వచ్చారు. మొత్తం 60 లక్షల పైచిలుకు సందర్శనలు.

ఇక మన సంగతి. రాత్రంతా స్టాండ్ కట్టి, తలుపులు తెరిచే ముందు వెనక గేటు నుంచి వెళ్లిపోయేది మనమే. నేనూ ఏళ్ల తరబడి అంతే. ఒకసారి సెలవు రోజున ముందు గేటు నుంచి లోపలికి వెళ్లాను. మేం కట్టిన కౌంటర్ దగ్గరే జనం ఇరుక్కుపోయి ఉన్నారు. దాన్ని ఒక మీటరు వెనక్కి జరిపితే సరిపోయేది. డ్రాయింగ్ పదిసార్లు చూసినా నాకు తట్టని సంగతి అది. తర్వాతి పనిలో ముందే చెప్పాను, విన్నారు.

అందుకని తమ్ముడూ, మీ డిజైనర్ తిరిగొచ్చాక "సార్, అక్కడ ఏం లేదు?" అని అడుగు. వీలైతే నువ్వూ ఒకసారి ముందు గేటు నుంచి వెళ్లు.